నేలను బట్టి బండి: ఫోర్ వీల్ డ్రైవ్ ఎలా ఎంచుకోవాలి, దానికి ఏమేం బిగించాలి

షోరూమ్‌కి వెళ్ళకముందే ఒక కాగితం తీసుకుని, ఈ ఏడాది మీరు వెళ్ళబోయే దారులు రాయండి. వెళ్ళాలని కలలు కనేవి కాదు, నిజంగా వెళ్ళేవి. లదాఖ్‌కి జన్మలో ఒకసారి వెళ్తారేమో. పొలానికి మాత్రం నెలకు రెండుసార్లు వెళ్తారు. ఆ పొలం ఆదోని పక్క నల్లరేగడిలో ఉందా, పాలమూరు చెల్కలో ఉందా, పాడేరు పైన కొండవాలులో ఉందా అన్నదాన్ని బట్టి బండి, టైరు, తాడు అన్నీ మారిపోతాయి.

మనలో చాలామందిమి ఈ వరసను తలకిందులు చేస్తాం. ముందు బండి కొంటాం, తర్వాత పైన లైట్ల పట్టీ, ముందు ఇనుప గార్డు, పక్కన ఖాళీ డబ్బా తగిలిస్తాం. టైర్ల సంగతి ఎప్పుడో అరిగాక గుర్తొస్తుంది. నేనూ అదే చేశాను. డబ్బు పోయాక ఒంటబట్టిన వరస ఇది: నేల, బండి, టైరు, గాలి, దిగబడితే బయటపడే సామాను. మిగిలినవన్నీ ఆ తర్వాతే.

మొదటి పని: నేల సంగతి తేల్చుకోండి

నల్లరేగడి ఎండినప్పుడు సిమెంటు రోడ్డులా ఉంటుంది. అరగంట వాన పడితే చాలు, ఆ బంకమన్ను నీళ్ళు తాగి ఉబ్బుతుంది, టైరు గాళ్ళలో కూరుకుపోతుంది. కాసేపటికి మీ ఖరీదైన టైరు నున్నటి గుండులా తయారవుతుంది. దానికిక పట్టు ఎక్కడిది? ఎర్ర చెల్కలో నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి. అక్కడ ఇబ్బంది బురదతో కాదు, వాన కోసేసిన గండ్లతో, బయటపడ్డ రాళ్ళతో. అంటే బండి కింద ఎత్తు కావాలి. పెన్నా, గోదావరి ఇసుకలో ఎత్తు కన్నా బరువు తక్కువుండడం ముఖ్యం, తేలికబండి దిగబడకుండా ఇసుక మీద తేలుతూ పోతుంది. తూర్పు కనుమల్లో రాయి, వాలు, జీపులు తొక్కి తొక్కి చేసిన లోతైన చాళ్ళు. అక్కడ నెమ్మదిగా పాకే గేరు కావాలి.

ఇంకో మాట. లంబసింగి మంచు చూడ్డానికి ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలనూ ఇంజినే తిప్పే బండి, అక్కర్లేదు, మామూలు కారు చాలు. మారేడుమిల్లి నుంచి గుడిస కొండ ఎక్కాలంటే స్థానిక జీపు మాట్లాడుకోవడమే మేలు. ఆ డ్రైవర్లకు ప్రతి రాయీ తెలుసు. ఏజెన్సీలో సంత రోజున పదిహేను మందిని ఎక్కించుకుని వాగు దాటే పాత కమాండర్ జీపుల్లో చాలావాటికి వెనక చక్రాలే తిరుగుతాయి. అది చూశాక నాకు కొంచెం గర్వం తగ్గింది. మీ కాగితం మీద ఇలాంటి దారులే ఉంటే బండి మార్చాల్సిన పనే లేదు.

రెండో పని: బండి

మొదట చూడాల్సింది ట్రాన్స్‌ఫర్ కేస్‌లో, అంటే ఇంజిన్ బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టెలో, లో రేంజ్ అనే నిదానపు గేరు ఉందా లేదా. ఆ గేరు, అంటే ఫోర్ లో, వేస్తే అదే ఇంజిన్ బలం రెండింతలకు పైగా అయి చక్రాలకు అందుతుంది, బండి మనిషి నడిచే వేగంలో పాకుతుంది. ఎక్కేటప్పుడు క్లచ్ కాలదు, దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా ఇంజినే పట్టి ఆపుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ అని అమ్మే గ్రాండ్ విటారా, హైరైడర్, ఎక్స్‌యూవీ 700 లాంటివాటిలో ఈ లో రేంజ్ ఉండదు. వాన రోడ్డుకు, కంకర దారికి అవి బాగుంటాయి. రాళ్ళ ఎక్కుడుకు పనికిరావు.

థార్ కొనేవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. 2023 జనవరి నుంచి థార్‌లో వెనక చక్రాలు మాత్రమే తిరిగే రకం కూడా అమ్ముతున్నారు. బయటికి చూస్తే తేడా తెలియదు. సెకండ్ హ్యాండ్ అయితే లోపల గేర్ రాడ్ పక్కన ఫోర్ వీల్ డ్రైవ్ లివర్ ఉందో లేదో చేత్తో పట్టుకుని చూడండి. ఐదు తలుపుల థార్ రాక్స్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌కే ఉంది.

ఇక ఒక్కో బండి స్వభావం. 2020 అక్టోబరులో వచ్చిన మూడు తలుపుల థార్‌కు నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు, ముందు గట్టు ఎక్కే కోణం దాదాపు 42 డిగ్రీలు. బలం బోలెడు, వెనక సామాను చోటు గుప్పెడు. 2023 జూన్‌లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీకి ఎత్తు 210 మిల్లీమీటర్లే, ఇంజిన్ కూడా చిన్నదే, కానీ బరువు దాదాపు 1,200 కిలోలు. ఇసుకలో, సన్నటి కొండదారిలో ఆ తేలికదనమే దాని బలం. నలుగురు ఎక్కి సామాను వేస్తే ఘాట్‌లో ఆయాసపడుతుంది, అది ఒప్పుకోవాలి. ఫోర్స్ గూర్ఖాలో ముందు వెనక రెండు డిఫరెన్షియళ్ళనూ (ఇరుసు మధ్య ఉండి రెండు చక్రాలకు తిప్పుడు పంచే గేర్లు) లాక్ చేసే ఏర్పాటు కంపెనీ నుంచే వస్తుంది, ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం స్నార్కెల్ కూడా. రాళ్ళ మీద దానికి సాటి దొరకడం కష్టం. సిటీ ట్రాఫిక్‌లో రోజూ తోలాలంటే మాత్రం ముందు ఒక వారం అద్దెకు తీసుకుని చూడండి. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పొలం సామానుకు బంగారం, కానీ ముందు వెనక చక్రాల మధ్య దూరం మూడు మీటర్లు దాటుతుంది. ఇరుకు మలుపుల్లో రెండుసార్లు రివర్స్ కొట్టాలి, గట్టు మీద పొట్ట ఆనుతుంది.

డిఫరెన్షియల్ లాక్ అన్నాను కదా, అదేమిటో తెలుసుకోండి. మామూలు డిఫరెన్షియల్ తేలిగ్గా తిరిగే చక్రానికే తిప్పుడంతా వదిలేస్తుంది. ఒక చక్రం గాల్లో లేస్తే అదే గిర్రున తిరుగుతుంది, నేల మీద ఉన్నది కదలదు. ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా ముందొకటి, వెనకొకటి తిరిగి బండి అక్కడే నిలబడుతుంది. లాక్ వేస్తే రెండు వైపులా కలిసి తిరుగుతాయి. థార్, జిమ్నీ లాంటివాటిలో తిరుగుతున్న చక్రాన్ని బ్రేకు పట్టి ఆపే పద్ధతి కూడా ఉంది. అది పనిచేయడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. చక్రం తిరగ్గానే భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే అది ఎప్పటికీ పట్టుకోదు. కాలు నిలకడగా ఉంచాలి.

పాత బండి కొంటే, జిప్సీ అయినా 2020కి ముందటి థార్ అయినా, కింద పడుకుని చూడాల్సిందే. డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం వదలమనండి. పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే లోపలికి నీళ్ళు వెళ్ళాయన్నమాట. ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులు, తుప్పు వెతకండి. ఫోర్ హై (మామూలు వేగపు ఫోర్ వీల్ డ్రైవ్), ఫోర్ లో రెండూ మట్టి నేల మీద వేసి చూడండి. ఇలాంటి, కావాలన్నప్పుడే వేసుకునే పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఎండిన తారు రోడ్డు మీద వేసి మలుపు తిప్పకూడదు. ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి, మధ్యలో సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ లేదు, ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది. కొత్త బండికైనా ఇదే నియమం.

మూడో పని: టైరు, గాలి

బండి మీద పెట్టే మొదటి రూపాయి టైరుకే. బురద టైర్లు చూడ్డానికి గంభీరంగా ఉంటాయి, తారు రోడ్డు మీద హోరుమంటాయి, తడి రోడ్డు మీద బ్రేకు సరిగా పట్టవు. ఏడాదికి రెండు వానాకాలపు రేగడి ప్రయాణాల కోసం మిగతా మూడొందల రోజులు ఆ మోత భరించాలా? తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైరు మనలో ఎక్కువమందికి సరిపోతుంది. పక్క గోడ గట్టిగా ఉన్నది చూసి తీసుకోండి. కనుమల్లో రాయి కోసేది టైరు పక్కనే, అక్కడ పంచర్ నిలవదు. సైజు కంపెనీ ఒప్పుకున్న వాటిలోనే ఉంచండి. మరీ పెద్దవి వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, ఫెండర్‌కు రాసుకుంటుంది. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

టైరు కన్నా చవకైన విద్య గాలి తీయడం. డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నది తారు రోడ్డు లెక్క. కంకర దారికి 25 పీఎస్‌ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) దాకా, బురదకు 20 దాకా, మెత్తటి ఇసుకకు 15 నుంచి 18 దాకా దించండి. మామూలు రిమ్ము మీద అంతకన్నా కిందికి వెళ్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. వాల్వు నొక్కి పట్టుకుని టైరు పక్కన కూర్చుని చూడండి. ముందు ఏమీ మారదు, తర్వాత నేలకు ఆనిన చోట పక్కగోడ మెల్లగా ఉబ్బుతుంది, నేల మీద దాని అడుగు పొడుగ్గా సాగుతుంది. వెడల్పు కన్నా ఈ పొడవు పెరగడమే ముఖ్యం, బండి బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. గాలి తీశాక వేగం 30 దాటనివ్వకండి, స్టీరింగ్ విసురుగా తిప్పకండి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపాలి. అందుకే బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే ఎయిర్ కంప్రెసర్, నమ్మదగిన ప్రెషర్ గేజ్ బండిలో ఉండి తీరాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే బుల్లి పంపులు పెద్ద టైరును నింపలేక మధ్యలోనే వేడెక్కి ఆగిపోతాయి.

నాలుగో పని: దిగబడితే లాగే సామాను

ఆదోని పక్కన ఒక డొంకదారిలో నా బండి దిగబడింది. వాన వెలిసి గంటైంది, పైన పొర ఆరినట్టే ఉంది. పది మీటర్లు వెళ్ళానో లేదో, ముందు భాగం కుంగింది. పౌరుషం కొద్దీ యాక్సిలరేటర్ తొక్కాను. నాలుగు చక్రాలూ తిరిగాయి, బండి ఇరుసుల దాకా దిగింది. పక్క చేలోంచి ట్రాక్టరాయన వచ్చి కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. “ఏం సార్, నాలుగు చక్రాలూ తిరుగుతాండాయి గానీ బండి కదల్లేదే!”

నేను నైలాన్ తాడు తీసి వెనక బంపరు కింద ఉన్న కొక్కేనికి కట్టబోయాను. “ఆగు సార్. ఆ కొక్కెం లారీలో బండి కదలకుండా కట్టేది. లాగితే ఊడొచ్చి ఎవరికో తగుల్తాది” అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత ఆయన చేసిన పనులనే వరసగా చెబుతాను, ఎందుకంటే అవే సరైన పద్ధతి. లాగకముందు పారతో చక్రాల వెనక మట్టి వాలుగా తీశాడు. పొట్ట కింద అడ్డుపడిన మట్టి తవ్వించాడు. గట్టు మీద పడున్న పత్తికట్టె తెచ్చి టైర్ల కింద తోసి తొక్కాడు. నాతో గాలి తీయించాడు. వచ్చిన దారినే వెనక్కి లాగాడు, ఎందుకంటే వెనక నేల ఎలా ఉందో అప్పటికే తెలుసు, ముందు నేల తెలియదు. ఛాసిస్‌కు గొలుసు కట్టి, జర్కు ఇవ్వకుండా మెల్లగా బిగించి లాగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగించి పంపాడు.

మీ బండిలో ఇవి ఉండాలి. ముందొకటి, వెనకొకటి ఛాసిస్‌కు బిగించిన, బలం రాసి ఉన్న లాగుడు హుక్కు. ట్రైలర్ తగిలించే గుండు బంతికి ఎప్పుడూ తాడు వేయకండి. అది విరిగితే తూటాలా ఎగురుతుంది. 4.75 టన్నులని అచ్చువేసి ఉన్న డీ షాకిల్స్ (తాడును హుక్కుకు కలిపే ఇనుప కొండ్లు) రెండు కొనండి. పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పాలి, లేకపోతే లాగాక పట్టేసి ఊడిరాదు. తాళ్ళు రెండు రకాలు. సాగే కైనెటిక్ తాడు ఇంకో బండితో ఊపు మీద లాగడానికి. సాగని పట్టీ ట్రాక్టరుతో నిదానంగా లాగడానికి. ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. ఏది వాడినా మధ్యలో తడిపిన గోనె పట్టానో పాత దుప్పటో వేయండి. తాడు తెగితే దాన్ని కిందికి పడేసేది ఆ బరువే. ఆ సమయంలో చుట్టూ ఎవరూ ఉండకూడదు, ఫోన్‌లో వీడియో తీసే బావమరిదితో సహా.

దీనికి తోడు మడత పార, టైర్ కింద పెట్టే రికవరీ బోర్డులు ఒక జత, జాకీ కింద పెట్టడానికి అడుగున్నర చదరపు చెక్క. చెక్క లేకపోతే మెత్తటి నేలలో జాకీయే దిగబడుతుంది, బండి లేవదు. టైరుకు పంచర్ పుల్లలు, జిగురు, పట్టకారు.

బండి ముందు బిగించి, మోటారుతో తాడు చుట్టి లాగే వించ్ గురించి అందరూ అడుగుతారు. ఊళ్ళ మధ్య తిరిగేవాళ్ళకు అక్కర్లేదు, కేక వేస్తే ట్రాక్టర్ వస్తుంది. మనుషులు లేని చోట ఒంటరిగా తిరిగేవాళ్ళకు కావాలి, కానీ అలా ఒంటరిగా వెళ్ళకపోవడం ఇంకా మంచిది. కొంటే, సామానుతో కలిపి బండి మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగేది చూడండి. డబ్బా మీద రాసిన బలం డ్రమ్ము మీద మొదటి చుట్టుకే. పైన చుట్లు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది, కాబట్టి వీలైనంత తాడు బయటికి తీసి లాగాలి. చెట్టుకు నేరుగా తాడు చుడితే చెట్టూ తాడూ రెండూ పాడవుతాయి. వెడల్పు పట్టీ వేసి కట్టాలి.

ఐదో పని: నీళ్ళు

థార్ 650 మిల్లీమీటర్లు, గూర్ఖా 700 మిల్లీమీటర్ల నీటిలో వెళ్తాయని కంపెనీలు చెబుతాయి. ఆ లెక్క కదలని నీటికి. వాన తర్వాత వాగు పారుతుంటే మోకాలి లోతు కూడా బండిని పక్కకు తోసేస్తుంది. ముందు కర్ర పట్టుకుని మీరు నడిచి చూడండి. నడవలేని చోట తోలకండి. నీళ్ళు కొబ్బరి నీళ్ళ రంగులో కాక ఎర్రగా వస్తుంటే, చప్టా మీదైనా సరే ఆగండి. పైన ఎక్కడో వాన పడుతోంది. స్నార్కెల్ ఇంజిన్‌కు పైనుంచి గాలి ఇస్తుంది, అంతే. కారు కంప్యూటర్‌కు, డిఫరెన్షియళ్ళకు అది గొడుగు పట్టదు. దూరం తోలి వచ్చి వేడిగా ఉన్న ఇరుసులను చల్లటి నీళ్ళలో దించితే లోపలి గాలి కుంచించుకుని నీళ్ళను లోపలికి పీలుస్తుంది. పది నిమిషాలు ఆగి దిగండి. బండి నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకున్నారా లేదా ఈ రోజే పాలసీ తీసి చూడండి. మామూలు పాలసీలో ఈ నష్టం సాధారణంగా రాదు.

ఆరో పని: బిగించకూడనివి

ముందు ఇనుప గార్డులపై చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎదుటివాడికి దెబ్బ, మీ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌కూ అడ్డు. కంపెనీ నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మీద తీర్పు ఇచ్చింది. కాబట్టి బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయించేముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి. రెండంగుళాలు లేపితే బరువు కేంద్రం కూడా పైకి పోతుంది, ఏటవాలులో ఒరిగే గుణం పెరుగుతుంది. ఆ డబ్బుతో కింద ఇంజిన్‌కు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు ఉక్కు రేకు కవచం వేయించుకుంటే ఎక్కువ పనికొస్తుంది.

అదనపు లైట్లు వేస్తే రిలే (ఎక్కువ కరెంటును విడిగా నడిపే స్విచ్చి), ఫ్యూజు తప్పనిసరి. నా బండికి ఒక షాపులో హెడ్‌లైట్ వైరునే గాటుపెట్టి టేపు చుట్టి కలిపేశారు. రాత్రి ఘాట్‌లో కాలిన వాసన వచ్చి, మొత్తం లైట్లు ఆరిపోయి, ఫోన్ టార్చ్‌తో వైరు వెతికిన టెన్షన్ పగవాడికి కూడా వద్దు. పైన లైట్ల పట్టీకి పబ్లిక్ రోడ్డు మీద కవర్ వేసి ఉంచండి.

పైకప్పు క్యారియర్ మీద బరువులు ఎక్కించడం ఇంకో జబ్బు. టెంటు, పరుపు లాంటి తేలికవి పైన. నీళ్ళు, పనిముట్లు, డీజిల్ డబ్బా కింద, సీటు వెనక బెల్టులతో బిగించి. పెట్రోలు బండైతే క్యాబిన్‌లో పెట్రోలు డబ్బా పెట్టుకుని తిరగకండి. లో గేర్లలో తోలితే ఇంధనం రోడ్డు మీద కన్నా దాదాపు రెట్టింపు తాగుతుందనుకుని, సగం ట్యాంకు దగ్గరే తిరుగుముఖం పట్టండి.

బయల్దేరే ముందు

హైదరాబాద్ చుట్టూ డబ్బు కట్టి నేర్చుకునే ఆఫ్‌రోడ్ ట్రాక్‌లు ఉన్నాయి. అది కుదరకపోతే అమ్ముడుపోని వెంచర్ ఏదో మీ పక్కన కూడా ఉంటుంది, యజమానిని అడిగి అక్కడ గాలి తీయడం, నింపడం, ఫోర్ లోలో దిగడం, తాడు కట్టడం నాలుగు ఆదివారాలు చేయండి. రెండు బండ్లు లేకుండా అడవి దారి పట్టకండి. పాడేరు, చింతపల్లి దాటాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

రిజర్వు అడవిలో ఫోర్ వీల్ డ్రైవ్ ఉందని దారి వదిలి లోపలికి పోవడం నేరం. అటవీ శాఖ అనుమతి లేని బాటలోకి బండి దించకండి. నల్లమలలో హైదరాబాద్ – శ్రీశైలం రోడ్డును మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు. లెక్క చూసుకుని బయల్దేరండి. జింకలు రోడ్డు దాటేది కూడా ఆ వేళల్లోనే.

తిరిగొచ్చాక బండి పైభాగం కాదు, కింద కడగండి. రేగడి ఎండి బ్రేకుల దగ్గర, చక్రం లోపలి వైపు అతుక్కుంటే తెల్లారి హైవే మీద 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, మీరు అలైన్‌మెంట్ పోయిందనుకుని వెయ్యి రూపాయలు వదిలించుకుంటారు. నీళ్ళ పైపు, చిన్న పుల్ల తీసుకుని ప్రతి రిమ్ము లోపల గీకండి. వీల్ నట్లు ఒకసారి బిగించి చూడండి. తాళ్ళు కడిగి నీడలో ఆరేయండి, దారాలు తెగి నూగు లేచినవి పక్కన పడేయండి.